ఐదో రూములో దిగిన ఇబ్రా సైన్యం

ఆ రోజుల్లో నా చదువు మీద నాకున్న నమ్మకం తలచుకుంటే ఇప్పుడు నాకే జాలేస్తుంది. డిగ్రీలో చరిత్ర చదివాను. చదివాననడం కూడా పెద్ద మాటే. పరీక్షకు ముందు దోస్తు ఒకడు ‘ఇది వస్తుంది’ అని గుర్తు పెట్టిచ్చిన పాఠం ఒక్కటే నోటికి పట్టాను, అదే ప్రశ్న వచ్చింది, గట్టెక్కాను. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక జరిగిన శాంతి ఒప్పందం గురించిన పాఠం అది. సరిహద్దులో ఉన్న కొన్ని జిల్లాలు మావంటే మావని రెండేసి దేశాలు కొట్టుకుంటుంటే, పెద్దలు కూర్చుని, మీరెవరి వైపు ఉంటారో మీరే ఓటేసి చెప్పండని అక్కడి జనాన్నే అడిగారట. ఓట్లయ్యే దాకా ఎవరూ ఎవరినీ బెదిరించకుండా బయటి దేశాల సైన్యాలు రైళ్లలో వచ్చి దిగి కాపలా కాశాయట. ఆ ఒక్క పాఠం జేబులో వేసుకుని, ప్రపంచంలో ఏ తగువునైనా తీర్చగలనన్న ధీమాతో నేను ఒమాన్ విమానం ఎక్కాను. (నాకు ఉద్యోగం ఇప్పించిన ఏజెంటు మాత్రం చూసింది నా చేతిరాతను, చరిత్రను కాదు.)

బర్కాలో ఖర్జూరం తోటల వెనక మా కంపెనీ క్యాంపు ఉండేది. రేకుల రూములు ఒకే వరసలో, రైలు పెట్టెల్లా. నా పని పొద్దున్నే సైట్ దగ్గర నిలబడి ఎవరొచ్చారో ఎవరు రాలేదో రాసుకోవడం, కాబట్టి అందరికీ నేను ‘హాజరు సారు’ని. వరసకు ఈ చివర ఒక వంటగది, ఆ చివర ఒక వంటగది. ఈ చివర వండేది మా కాక. మా వైపు మనిషే, జగిత్యాల అవతలి ఊరు. చుట్టరికం ఏమీ లేదు కానీ మా నాయనను ఒకసారి సంతలో చూశానని చెప్పి, ఆ మాట మీద నన్ను కొడుకులా చూసుకున్నాడు. ముందు ఆయన కూడా సైట్ మీద పని చేసేవాడు. పరంజా మీద నుంచి పడి మోకాలు దెబ్బ తినడంతో కంపెనీ ఆయనకు గరిటె ఇచ్చింది. ఆ చివర వండేది కడప భాయ్. కాకకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు, ఎద్దును ఎత్తి అవతల పెట్టేంత బలం, నోరు అంతకన్నా బలం. కాక పచ్చిపులుసు కలిపితే, తోటల్లో పనిచేసే మనవాళ్లు మడి పక్కన వేసుకున్న పుంటికూర, అదే గోంగూర, తెచ్చి మాంసంలో వేస్తే, ఒంట్లో జ్వరం ఉన్నవాడు కూడా లేచి కూర్చునేవాడు. భాయ్ ఖీమా వండితే లేచి కూర్చున్నవాడు నీళ్ల కోసం పరుగెత్తేవాడు. రెండూ తినదగ్గవే, ఎటొచ్చీ రెండింటికీ మధ్య ఐదో నంబరు రూము ఉంది.

ఐదో రూము వాళ్లది విచిత్రమైన రాజకీయం. అటు కడప వాళ్లు, ఇటు మా నిజామాబాద్, కరీంనగర్ వాళ్లు, ఒకరిద్దరు హైదరాబాదీలు కలిసి ఉండేవాళ్లు. వాళ్లు ఏ మెస్సులోనూ చేరకుండా అన్నం కాక దగ్గర, కూర భాయ్ దగ్గర తెచ్చుకునేవాళ్లు. కూర బాగుందని భాయ్‌తోనూ, భాయ్ కూరలో పడి పాడైపోయిన అన్నం ఎంత తెల్లగా ఉందోనని కాకతోనూ చెప్పేవాళ్లు. అలా ఎన్నాళ్లో నడిచేదే. కానీ ఒకరోజు పంపు దగ్గర గిన్నెలు కడుగుతూ భాయ్, కాక పచ్చిపులుసు చింతపండు కడిగిన నీళ్లన్నాడు. కాక తొణక్కుండా, నీ కూర తిన్నోడికి ఫైరింజన్ కావాలె అన్నాడు. అక్కడి నుంచి తాతల దాకా వెళ్లారు. భాయ్ గరిటె ఎత్తాడు, కాక అట్లకాడ ఎత్తాడు, ఇద్దరినీ పట్టుకోవడానికి దూకినవాళ్లు ఒకరినొకరు పట్టుకుని కిందపడ్డారు, ఆ తోపులాటలో రెండు వంటగదుల పప్పూ ఇసుకపాలైంది. ఆ పూట క్యాంపు మొత్తం పస్తు. మర్నాడు ఎండలో కాంక్రీటు పోస్తూ ఇద్దరు కళ్లు తిరిగి కూలబడ్డారు, పని ఆగింది, మలయాళీ సూపర్వైజరు తలపట్టుకున్నాడు.

ఆయన మంచివాడే, కానీ ఆకలి మనుషుల్ని చూశాక మంచితనం పక్కన పెట్టాడు. క్యాంపుకు ఒక్క వంటగది, ఒక్క వంటవాడు, అంతేనని తేల్చేశాడు. మిగతా రూములు చెరిసగం పంచుకుని ఉన్నాయి కాబట్టి, ఐదో రూము ఎటు చేరితే ఆ వంటగది ఉంటుంది, రెండోది మూసేయాలి. ఓడిన వంటవాడు శనివారం నుంచి పార పట్టుకుని సైట్‌కు రావాలి. భాయ్ సరేనని భుజాలు ఎగరేశాడు. కాకేమో ఆ సాయంత్రం వంటగది గడప మీద కూర్చుని మోకాలికి ఆముదం రాసుకుంటూ, పారపట్టి వంగితే మళ్లీ లేవలేను బిడ్డా, అని మాత్రం అన్నాడు. కాకను కాపాడాలి. ఎలా? నా దగ్గర ఉన్నది ఒక్కటే పాఠం.

అప్పటికే ఐదో రూము మీద దండయాత్ర మొదలైంది. పొద్దున భాయ్ మనుషులు ఆమ్లెట్లు మోసుకొచ్చేవారు, సాయంత్రం మా వాళ్లు గారెలు మోసుకెళ్లేవారు, ఆమ్లెట్ తిన్నవాణ్ని మా వాళ్లు, గారె తిన్నవాణ్ని వాళ్లు చూపుల్తో కాల్చేవారు. ఇలా ఓట్లు పెడితే రక్తపాతమేనని నేను సూపర్వైజరుకు చెప్పాను. బయటి మనుషుల్ని తెచ్చి, ఐదో రూమును వాళ్ల అధీనంలో పెట్టి, ఓటు చాటున వేయించాలన్నాను. యూరప్‌లో ఇలాగే చేశారని కూడా అన్నాను. యూరప్ అనేసరికి ఆయన కాస్త మెత్తబడ్డాడు. (గల్ఫ్‌లో యూరప్ పేరు చెప్తే సిమెంటు కూడా తొందరగా గడ్డకడుతుంది.) ఒప్పందం నేనే రాశాను. అందులో ఒక షరతు గర్వంగా చేర్చాను. ఆ పాఠంలో ఉన్నదే. ఆ జిల్లాలో పుట్టి, బతుకుదెరువుకు వేరేచోట ఉంటున్నవాళ్లు కూడా తిరిగొచ్చి ఓటు వేయవచ్చునట. మా క్యాంపులో ఎవరూ పుట్టలేదు కనుక, మునుపు ఐదో రూములో ఉండి వెళ్లినవాళ్లకు కూడా ఓటుంటుందని మార్చాను. కాక చేతి పులుసు తాగి వెళ్లిన పాతకాపులు ఎవరైనా వస్తే ఆయనకు బలం అవుతుందని నా ఎత్తు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సైన్యం ఇబ్రాలో దొరికింది. అక్కడ మా కంపెనీకి ఇంకో సైట్ ఉంది. గురువారం డ్యూటీ అయ్యాక కంపెనీ మినీబస్సు వేసుకుని కొండల మధ్య నుంచి వెళ్లాను. ఎంతమంది కావాలని అడిగితే, ఓ అరడజను మంది చాలన్నాను. క్యాంపంతా బస్సెక్కింది. అంతమంది వద్దు మొర్రో అంటుంటే, ఒక్క రోజు పనికి అన్నం రెండు వంటగదుల నుంచీ వస్తుందట కదా అన్నారు ఎవరో. అప్పుడు తెలిసింది, ఇబ్రా క్యాంపులో వంటవాడే లేడు. వంతులవారీగా వండుకుంటారు. ఒకనాడు పలుకు, ఒకనాడు మాడు. వాళ్లను బతిమాలి దింపి ఆరుగురిని మిగిల్చాడు హవల్దార్ చాచా. ఆయన హైదరాబాదులో ఏదో గోదాముకు కాపలా కాసినవాడు, తెల్లగడ్డం, మెడలో ఈల, నిలబడితే బస్సు కూడా సర్దుకుని నిలబడేది. దారిలో రెండుసార్లు మేకలు అడ్డం వచ్చాయి. రెండుసార్లూ చాచా దిగి ఈల వేశాడు, మేకలు కదల్లేదు కానీ మాకు మాత్రం సైన్యంతో వెళ్తున్న ధైర్యం వచ్చింది.

పాఠంలో రాసినట్టే అంతా జరిపించాను. సైన్యం రాగానే ఐదో రూమును ఖాళీ చేయించాను. అక్కడివాళ్లు పరుపులు చంకన పెట్టుకుని నా ఆఫీసు గదిలోకి వచ్చారు, నేను బల్ల కిందికి వెళ్లాను. మంచాల మీద సైన్యం పడుకుంది. తర్వాత చాచా నన్ను పిలిచి, మేము నిష్పక్షపాతంగా ఉండాలంటే రెండు వంటగదుల అన్నమూ సమానంగా తినాలి, లేకపోతే మనసు ఒక పక్కకు లాగుతుందని సమజాయించాడు. నాకు అది చాలా న్యాయంగా తోచింది. అక్కడి నుంచి ఏ సైన్యం ఏ దేశాన్నీ ఇంత తిని ఉండదు. కాక పుంటికూర మాంసం పంపితే భాయ్ పలావు పంపాడు. పలావు కొంచెం ఎక్కువైందనిపించి, సమానం చేయడానికి మళ్లీ కాక దగ్గరికి గిన్నె పంపారు. అది కాస్త మించితే మళ్లీ భాయ్ దగ్గరికి. శుక్రవారం పొద్దున కాక సర్వపిండి, భాయ్ ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. కాపలా కాయాల్సినవాళ్లు గోడకు చేరబడి నిట్టూరుస్తుంటే, ఓటర్లు వాళ్లకు మంచినీళ్లు అందించారు. చాచా మాత్రం కాక పచ్చిపులుసు గ్లాసులో పోయించుకుని చాయ్ తాగినట్టు గుక్కగుక్కగా తాగాడు. తాగి, కళ్లు మూసుకుని, ఖాళీ గ్లాసు మళ్లీ ముందుకు చాపాడు. ఆయన కాక వైపే మొగ్గుతున్నాడని నేను లోలోపల పొంగిపోయాను. (కాపలావాడి మొగ్గు మీద ఆశ పెట్టుకోవడం పాఠంలో లేదు, అది నా సొంతం.)

జుమ్మా నమాజు అయ్యి వచ్చాక ఓట్లు పెట్టాం. ఐదో రూములో దుప్పటి అడ్డం కట్టి, వెనక రెండు పాలపొడి డబ్బాలు పెట్టాం. ఒకదాని మీద అట్లకాడ బొమ్మ, కాకది. ఇంకోదాని మీద గరిటె బొమ్మ, భాయ్‌ది. ఓటుకు ఒక ఖర్జూరం అనుకున్నాం, తోటల పక్కన ఉన్నాం కనక ఖర్చు లేదు. మొదటివాడు లోపలికి వెళ్లి, నములుతూ బయటికి వచ్చాడు. అలవాటులో తినేశానన్నాడు. ఓటును తిన్నవాడికి మళ్లీ ఓటివ్వాలా వద్దా అని గంటసేపు వాదన జరిగాక, ఖర్జూరాలు తీసేసి సైట్ నుంచి ఇనప నట్లు తెచ్చాం. నట్టు వేస్తే ఠంగుమని మోగింది. రెండు డబ్బాలూ రెండు రకాలుగా మోగడంతో బయట నిలబడ్డ క్యాంపంతా చెవులు రిక్కించింది. చాటున వేసే ఓటు ఊరందరికీ వినపడింది. అప్పుడు చాచా, ఎవరు లోపలికి వెళ్లినా వచ్చేదాకా ఆపకుండా ఈల వేయసాగాడు. అలా ఆ రూములోని ఎనిమిదిమందీ ఈల మోతలో ఓటేశారు. నేను గొంతు సవరించుకుని, మునుపు ఐదో రూములో ఉండి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని మర్యాదకు అడిగాను. రైసూత్ పోర్టుకు వెళ్లిపోయిన పాతవాడొకడు నా ఓటు కాకకే అని లారీ డ్రైవరుతో కబురు పంపాడు గానీ, మనిషి రాకపోతే ఓటు లేదని చాచా కొట్టేశాడు. తర్వాత ఈలను జేబులో పెట్టుకుని, తన ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని, దుప్పటి వెనక్కి నడిచాడు.

నేను నోరు తెరిచి చూస్తుండిపోయాను. క్యాంపు కట్టిన కొత్తలో, నేను దేశంలో దిగక ముందు, ఆ ముగ్గురూ ఆ రూములోనే ఉండేవాళ్లట. కంచెకే చేనులో వాటా ఉందని నాకేం తెలుసు? కానీ షరతు నాది, దస్తూరీ నాది. పైగా చాచా పచ్చిపులుసు తాగిన ముఖం నా కళ్లముందే ఉంది. మూడు ఓట్లూ కాకవేనని ధైర్యంగా కూర్చున్నాను. డబ్బాలు బోర్లించి లెక్కపెట్టాం. ఒక్క నట్టు తేడాతో భాయ్ గెలిచాడు.

భాయ్ మనుషులు గోలగోలగా అరిచారు, కాసేపటికి వాళ్లంతట వాళ్లే ఆపేశారు. ఎందుకంటే కాక లేచి వంటగదిలోకి వెళ్లి, గిన్నెలన్నీ తోమి, బోర్లించి, అట్లకాడను గుడ్డతో తుడిచి గూట్లో పెట్టి, నా దగ్గరికి వచ్చి, రేపు ఏ సైట్ బిడ్డా, పార నేనే తెచ్చుకోవాలా, కంపెనీ ఇస్తదా అని అడిగాడు. అంతే. కోపం లేదు, నిష్ఠూరం లేదు. నాకు ఏడుపు వచ్చింది. యూరప్‌లో ఏ జిల్లా ఎటు పోతే నాకేం, నా కళ్లముందు మా కాక కుంటుకుంటూ పార కోసం వెతుక్కుంటున్నాడు, ఆ కాగితం రాసిచ్చింది నేను. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదేనని అనిపించింది. భాయ్ కూడా గెలిచినవాడిలా లేడు, గోడ మీద గోరుతో ఏదో గీకుతూ నిలబడ్డాడు.

చాచా మాత్రం తాపీగా సూపర్వైజరు గదికి వెళ్లి, తాపీగా బయటికి వచ్చి, సైన్యాన్ని బస్సెక్కమని, కాక పెట్టె కూడా బస్సులో పెట్టమని చెప్పాడు. క్యాంపుకు ఒక్క వంటవాడని మీరే కదా అన్నారు, ఇబ్రా కూడా క్యాంపే, అక్కడ ఒక్కడు కూడా లేడు, ఈ పెద్దాయన్ని మాకివ్వండి అని అడిగాడట. తగువు తెగినందుకే సంతోషంలో ఉన్న ఆయన అక్కడికక్కడే సంతకం పెట్టాడు. నాకు బుర్ర తిరిగింది. అంత ఇష్టమున్నవాళ్లు ఓటు ఎవరికి వేశారని చాచాను పక్కకు లాగి అడిగాను.

“ముగ్గురం భాయ్‌కే ఏసినం మియా,” అన్నాడు చాచా, గడ్డం సవరించుకుంటూ. “ఈ పెద్దాయన గెలిస్తే నువ్వు మాకిస్తుంటివా?”

నా చదువంతా ఒక్క ముక్కలో తేలిపోయింది. ఈ మాట కాక చెవిన పడింది. అప్పటిదాకా రాని కోపం అప్పుడొచ్చింది ఆయనకు. నా పులుసు తాగి, నాకు ఓటెయ్యక, నన్ను సంచిలో ఏస్కపోతరా, నేను రాను, పారే పడతా అని గడప మీద చతికిలపడ్డాడు. బస్సు హారన్ కొడుతోంది. చాచా ఆయన ఎదురుగా, తెల్ల బట్టలతోనే, మట్టిలో కూర్చున్నాడు. నట్టు ఆ డబ్బాలో ఏసే ముందు మీ డబ్బా కాడికే పోయి మర్లిన పెద్దాయనా, అన్నాడు. మా దగ్గర యాభైమంది మాడిన అన్నం తిని పడుకుంటున్నరు, ఒక్కరోజు మీ చేతి తిండి తిని నాతోని ఓటేసిన ఆ ఇద్దరు పోరగాళ్లు తమ అమ్మల పేర్లు తీసిన్రు, ఇంకేం చెయ్యమంటరు, అన్నాడు.

కాక చెయ్యి చాపి చాచా తెల్ల బట్టల మీది మట్టి దులిపాడు. తర్వాత నా భుజం పట్టుకుని లేచాడు.

“ఓట్లల్ల ఓడిపోయిన గని, ఆకలున్న కాడికే పోతున్న బిడ్డా,” అన్నాడు. “వంటోనికి ఇంకేం గావాలె?”

భాయ్ ఎక్కడి నుంచో పరుగెత్తుకొచ్చి, తన పెద్ద పలావు దేగిసాను బస్సులోకి నెట్టాడు. యాభైమందికి నీ గిన్నెలు యాడ సాలతాయి పెద్దాయనా, అని గట్టిగా కసిరాడు. చాచా తన ముందు సీటు కాకకు ఇచ్చి, తాను వెనక దేగిసా పక్కన ఇరుక్కున్నాడు. బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. ఆక్రమించడానికి వచ్చిన సైన్యం, వెళ్తూ వెళ్తూ ఓడినవాణ్ని నెత్తిన పెట్టుకుని తీసుకెళ్లింది.

ఆ రాత్రి నుంచి నేను భాయ్ మెస్సులో తిన్నాను. మనిషి వెన్నలాంటివాడు, నాకోసం కారం తగ్గించానని ప్రమాణం చేసేవాడు, నేను కళ్లు తుడుచుకుంటూ తినేవాణ్ని. కారానికి కొంత, కాకకు కొంత. నెలకోసారి ఇబ్రా హాజరు లెక్కలు సరిచూడాలని అబద్ధమాడి కొండలు దాటి వెళ్లేవాణ్ని. అక్కడివాళ్లు ఒళ్లు చేసి, నవ్వుతూ, నన్ను వరసలో వెనక నిలబెట్టేవాళ్లు. కాక నన్ను చూసి మురిసిపోయేవాడే గానీ, వంతు రాకుండా ఒక్క గరిటె వేసేవాడు కాదు. ఇక్కడ నీకు ఓటు లేదు బిడ్డా, అనేవాడు.

ఇప్పుడు అరవై దగ్గర పడుతున్నాయి నాకు. ఆ బస్సు వెళ్లిపోయాక క్యాంపు నడి మధ్యలో నిలబడ్డ కుర్రవాణ్ని తలచుకుంటే నవ్వొస్తుంది, దగ్గరికి తీసుకుని తల నిమరాలనీ అనిపిస్తుంది. రెండు చేతుల్లో రెండు ఖాళీ డబ్బాలు పట్టుకుని, దుమ్ములో కళ్లు నులుముకుంటూ, ఓట్లయితే ఒక్క ఫిర్యాదు లేకుండా జరిపించానని తనకు తాను ధైర్యం చెప్పుకుంటున్నాడు పాపం. తను పోగొట్టుకున్నది తన అన్నమేనని తెలియడానికి వాడికి ఇంకా ఆకలి వేయలేదు.